పిల్లల డాక్టర్ల చదువులో మన పల్లె యాడుంది?

గ్లోబల్ హెల్త్ అనే మాట ఇప్పుడు పెద్ద డాక్టర్ల నోట్లో బాగా నానుతాంది. తెలుగులో ప్రపంచారోగ్యం అనుకుందాం. అమెరికాలో పిల్లల వైద్యంలో పైచదువు చదివే డాక్టర్లకు చాలా ఆసుపత్రుల్లో ఇదొక శిక్షణ. కొన్ని వారాలు ఆఫ్రికాకో, ఆసియాకో పోయి బీదదేశపు బిడ్డలకు వైద్యం చేసి, నేర్చుకొని పోతారు. బయల్దేరక ముందే వాళ్లకు బుద్ధులు చెప్పి పంపుతారు: అక్కడి మనుషుల్ని గౌరవించాల, అడక్కుండా బిడ్డల ఫొటోలు తీయగూడదు, చేతగాని వైద్యం బీదోని మీద ప్రయోగించగూడదు. మంచి మాటలే, మేం కాదనం.

మా ప్రశ్న ఒకటే. ఆ ప్రపంచంలో చాపాడు మండలం మాలపల్లె, మాదిగపల్లె ఉన్నాయా లేవా? సముద్రాలు దాటిపోయే డాక్టరుకు నేర్పే ఆ మర్యాద, ప్రొద్దుటూరు దాకా వచ్చి తారురోడ్డు దిగని డాక్టరుకు ఎవరు నేర్పాల?

లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో పుట్టిన వెయ్యిమంది ఎస్సీ బిడ్డల్లో 40 మందికి పైగా ఏడాది నిండకుండానే పోతున్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కులాల్లో ఆ లెక్క 30 లోపే. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు దాటిన, ఐదేళ్లు నిండని పిల్లల్లో నూటికి 63 మందికి రక్తం తక్కువ. క్రిమికి కులం తెలీదు. కులం తెలిసింది కొళాయికి, కూలికి, రోడ్డుకు. బిడ్డ ప్రాణం పోయేది ఆ మూడింటి మధ్యనే.

పల్లె తల్లి కథ అందరికీ ఎరుకే. బిడ్డకు పొద్దున వాంతులు పట్టుకుంటాయి. నాట్లకు పోకపోతే ఆ పొద్దు కూలి లేదు, కూలి లేకుంటే ఆటోకు దుడ్లు లేవు. సాయంత్రం ఊర్లో ఆరెంపీ దగ్గర సూది, నడిరేయి పట్నానికి పరుగు. అక్కడ డాక్టరు నోట మొదటి మాట: "ఇంత ఆలస్యంగా తెస్తే మేమేం చేయాల?" మన తల్లికి దొరికే తొలి మందు ఆ తిట్టే. నువ్వు తాగే నీళ్లు యాడివమ్మా, బిడ్డను ఎవరికాడ ఇడిసి పనికి పోతావు, పొద్దున ఎందుకు రాలేకపోతివి అని అడిగే డాక్టరు అరుదు. పులివెందుల దిక్కున తుమ్మలపల్లె యురేనియం గని పక్క ఊర్ల రైతులు నీళ్లు చెడిపోయినాయని ఏండ్లుగా మొత్తుకుంటాండారు. ఆ దిక్కు నుంచి వచ్చిన బిడ్డను చూసే డాక్టరు నీళ్ల మాట అడక్కుంటే, ఎంత పెద్ద చదువు చదివి ఏం లాభం?

అసలు ప్రపంచ వైద్యం పుట్టేది యాడ? 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల జనం పశ్చిమ బెంగాల్‌కు పారిపోయి వచ్చినారు. బన్‌గావ్ శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోయినాయి. అక్కడ పనిచేస్తున్న దిలీప్ మహలనబీస్ ఇంగ్లండులో పిల్లల వైద్యం చదివొచ్చిన డాక్టరు. ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి, రోగుల చుట్టాల చేతికే గ్లాసులిచ్చి తాపించినాడు. నూటికి 30 మంది దాకా చస్తున్న చోట చావులు నాలుగు లోపుకు దిగినాయి. నేడు మన అంగన్‌వాడీలో ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దేశం నమ్మింది అట్లాంటి అనుభవంతోనే. ఆ పొద్దు ఆ డాక్టరుకు తోడు నిలిచింది తల్లులు, అక్కలు, అన్నలు. బురదలో దిగినోడే నేర్చుకున్నాడు, లోకానికి నేర్పినాడు.

మన సీమలోనే చూడండి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ సంస్థకు బత్తలపల్లిలో ఆసుపత్రి ఉంది. స్పెయిన్ డాక్టర్లు ఆడికొచ్చి పనిచేసినారు. స్పెయిన్ నుంచి బత్తలపల్లికి దారి ఉంటే, కడప నుంచి చాపాడుకు దారి లేదా?

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 1977లోనే ప్రతి మెడికల్ కాలేజీ మూడు బ్లాకుల పల్లెల ఆరోగ్యం చూడాలని కేంద్రం పథకం పెట్టింది, అది నీరుగారిపోయింది. పీజీ డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలని 2020లో నిబంధన వచ్చింది. ఎంబీబీఎస్ పిల్లలు పల్లె కుటుంబాలను దత్తత తీసుకొని చదువు పొడుగునా చూడాలని ఆ తర్వాత ఇంకో నిబంధన వచ్చింది. ఏ కుటుంబాలు? ఊర్లో పెద్దిండ్లా, పల్లె చివరి గుడిసెలా? అడగాల్సింది మనమే.

మేం అడిగేవి ఇవి. ఒకటి: పిల్లల వైద్యం చదివే ప్రతి డాక్టరూ ఆ మూడు నెలల్లో వారానికొక దినం దళితవాడలో, అంగన్‌వాడీలో కూర్చోవాల. రెండు: బిడ్డల్ని తూచి, కొలిచి, రక్తం తీసి రాసుకున్నది ఏందో పోయే ముందు పల్లె జనానికి తెలుగులో చెప్పిపోవాల. మన బిడ్డలు ఎవరి పరీక్షకూ బొమ్మలు కారు. మూడు: బిడ్డ చావుకు కులమెట్ల కారణమైతాందో డాక్టర్ల చదువులో పాఠంగా పెట్టాల. నాలుగు: మన బిడ్డలే పిల్లల డాక్టర్లు కావాల.

ఈ నాలుగోది ఊరకే రాదు. 2024లో పులివెందుల ప్రభుత్వ మెడికల్ కాలేజీకి వచ్చిన 50 ఎంబీబీఎస్ సీట్లను వసతులు చాలవని రాష్ట్ర ప్రభుత్వమే వద్దనింది. 2025లో దాంతో సహా పది కొత్త కాలేజీలను పీపీపీ పేరుతో ప్రైవేటోళ్లతో నడిపించాలని నిర్ణయించింది. సీటు సంతలో పెడితే కూలోళ్ల బిడ్డ దాన్ని కొనేదెట్ల? పల్లెలో పుట్టి డాక్టరైన బిడ్డకు పల్లె దారి ఎవరూ చూపించే పనిలేదు. బడిలో పాఠాలు చెప్పే మాకు ఆ తెలివి ఉన్న పిల్లలు దినామూ కనపడతాండారు.

అన్నలారా, అక్కలారా! వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా పెట్టండి. ఈ ఏడు మన పల్లెలో ఎంతమంది పసిబిడ్డలు పోయినారో, ఏ జబ్బుతో, ఏ పొద్దున ఆసుపత్రికి చేరినారో ఒక నోటుబుక్కులో రాయండి. రాసేదానికి మీ బడి పంతుళ్లం మేమున్నాం. ఆ పుస్తకం తీసుకొని పీహెచ్‌సీకి, జిల్లా వైద్యాధికారి దగ్గరికి అందరం కలిసి పోదాం. డాక్టర్లకు ప్రపంచారోగ్యం తొలి పాఠం ఆ నోటుబుక్కే కావాల.

జై భీమ్!