వాళ్ళది శ్రుతి, మాది వట్టి వినికిడా?

పోయిన ఏడు ఒక సాహిత్య సభకు పోయాను. వేదిక మీద పేరున్న రచయిత ఒకాయన తెలుగు పాఠకుడు చచ్చిపోయాడని దుఃఖపడుతున్నాడు. "ఇప్పుడంతా సెల్‌ఫోన్లో పుస్తకాలు వింటున్నారు. వినేవాడు శ్రోత. శ్రోత ఎన్నటికీ పాఠకుడు కాడు. అంట్లు తోముకుంటూ వినేది సాహిత్యం ఎట్లా అవుతుంది?" అన్నాడు. సభ నవ్వింది. చప్పట్లు కొట్టింది. నేను నవ్వలేదు. సరిగ్గా ఆ యాళ్లకు మా అమ్మ ఇంటి ముందర కూసొని, పల్లికాయ ఒలుచుకుంటూ పుస్తకం వింటుంటుంది.

మాది పాలమూరు జిల్లాలో ఒక ఊరు. ఊరు కాదు, ఊరవతలి మాదిగవాడ. మా నాయిన వలసపోయి మట్టిపని చేసిన మనిషి. మా అమ్మకు అక్షరం రాదు. మా వంశంలో డిగ్రీ కాగితం చూసిన మొదటి మనిషిని నేనే. హాస్టల్లో పురుగులన్నం తిని చదివి, ఇప్పుడు సర్కారు బడిలో తెలుగు చెబుతున్నాను. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు వాడకొచ్చి, రాత్రిపూట అమ్మకు అంబేద్కర్ జీవితం చదివి వినిపించాను. బడి తెరిచాక నేను వెళ్ళిపోతుంటే "మిగిలింది ఎవరు సదువుతరు బిడ్డా?" అని అడిగింది. అప్పటి నుంచి రాత్రుళ్ళు చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపుతున్నాను.

అయ్యా, అంట్లు తోముతూ విన్నది సాహిత్యం కాదన్నారు కదా. మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? మీరు వాలు కుర్చీలో కూర్చుని పుస్తకం చదివిన ఆ గంట, ఎవరి చేతులు పనిలో ఉన్నందువల్ల మీకు చిక్కింది? కన్నూ చెయ్యీ రెండూ ఖాళీగా ఉన్నవాడే పాఠకుడైతే, ఈ దేశంలో పాఠకుడు ఏ కులంలో పుడతాడో వేరే చెప్పాలా?

ఇంకో మాట. మీ వేదానికి మీరు పెట్టుకున్న పేరేమిటి? శ్రుతి. అంటే విన్నది. గురువు చెప్పగా శిష్యుడు విని, నోటికి పట్టిన చదువు. రాతలో పెట్టకుండా తరాల తరబడి చెవిలోనే దాచుకున్నారు. అప్పుడు వినడమే అన్నిటికంటే పెద్ద చదువు! శూద్రుడు కావాలని వేదం వింటే తగరమో లక్కో కరిగించి చెవుల్లో పొయ్యమని గౌతమ ధర్మసూత్రం రాసుకున్నది. పలికితే నాలుక కొయ్యమన్నది. శూద్రుడికే ఆ గతి పడితే, ఊరవతలి మా సంగతి చెప్పేదేముంది? విననియ్యకుండా చెవులు మూసినవాళ్ళ వారసులే, ఇవాళ మేం వింటుంటే "వినడం చదువు కాదు" అంటున్నారు. వాళ్ళు వింటే శ్రుతి. మేం వింటే కాలక్షేపం.

మాకు గ్రంథాలు లేవని ఎవరన్నారు? డక్కలోళ్ళు వాడకు వచ్చి, పటం విప్పి, కిన్నెర మీటుతూ జాంబపురాణం చెప్పేవాళ్ళు. ఆది జాంబవుడి నుంచి మా పుట్టుక చెప్పే పురాణం అది. రాత్రంతా విని తెల్లారి పనికి పోయిన మా తాతలు పాఠకులు కారా? 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ ఆ కిన్నెర మోసుకొచ్చిన చదువుకు సాహిత్య చరిత్రలో ఎన్ని పేజీలు ఇచ్చారు? జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడి తలుపులు తెరుచుకోని మనిషి తన గోడు కాగితం మీద రాసి పంపలేదు, గబ్బిలానికి చెప్పుకున్నాడు. శివుడి చెవిలో వెయ్యమన్నాడు. మా సాహిత్యం అట్లా నోటి నుంచి చెవికి నడిచొచ్చింది.

ఇంతవరకు ఒక పక్క. ఇప్పుడు మనోళ్ళలో కొందరితో తగాదా పెట్టుకోవాలి.

"అక్కా, మనది మౌఖిక సంస్కృతి. అచ్చు వాళ్ళది. అన్నీ ఆడియో చేసేద్దాం. పిల్లలు వింటే చాలు, చదవకపోయినా నడుస్తది" అని యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు నాతో అన్నాడు. తమ్మీ, ఆ మాట మా బడికి వచ్చి చెప్పు. మా ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది. కథ ఒక్కసారి వింటే మళ్ళీ పొల్లు పోకుండా చెబుతుంది. ఏ ప్రశ్న అడిగినా నోటితో జవాబిస్తుంది. అదే పిల్ల పరీక్ష కాగితం ముందర పెన్ను పట్టుకొని చెమటలు కక్కుతుంది. ఒత్తులు రావు. ఆ పిల్లకు తెలివి లేదా? ఉంది. కానీ మార్కులు వేసేవాడు ఆమె నోరు వినడు, కాగితమే చూస్తాడు. రేపు ఉద్యోగమిచ్చేవాడూ, ఠాణాలో ఫిర్యాదు రాసుకునేవాడూ అంతే. ఈ రాజ్యం కాగితం మీద నడుస్తుంది. మన పిల్లల్ని మౌఖిక సంస్కృతి పేరు చెప్పి కాగితానికి దూరం చేస్తే, అది పాత అంటరానితనానికే కొత్త పేరు.

వినడంలో ఒక ప్రమాదం ఉంది. నోరు ఎవరిదో వాడికి లోబడాలి. దాని ఖరీదు మా ఇల్లు కట్టింది.

మా తాతకు సర్కారు రెండెకరాల అసైన్డ్ భూమి ఇచ్చింది. తాత పోయాక అది నాయిన చేతికొచ్చింది. 1994లో మా చెల్లె జబ్బుపడితే నాయిన ఊరి పెద్ద రైతు దగ్గరికి అప్పుకు పోయాడు. మూడేండ్ల కౌలుకు భూమి రాసియ్యమన్నారు. కాగితం రాసినవాడు "మూడేండ్ల కౌలు" అని గట్టిగా చదివి వినిపించాడు. నాయిన విన్నాడు. పక్కన అమ్మ కూడా విన్నది. ఏకలవ్యుడి బొటనవేలు కోసుకున్నారు. మా నాయిన బొటనవేలికి సిరా పూశారు, అంతే తేడా. మూడేండ్లు దాటాక పొలానికి పోతే తరిమిండ్రు. నేను డిగ్రీకొచ్చిన తర్వాత ఆ కాగితం నకలు సంపాదించి చదివాను. అది కౌలు కాగితం కాదు, సాదా బైనామా. భూమి అమ్మేసినట్టు రాసుంది. ఆరోజు నాయినకు అక్షరం వచ్చి ఉంటే?

అసైన్డ్ భూమి అమ్మడం, కొనడం చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. ఆ చట్టమూ అచ్చులోనే ఉంది. మా వాడలో దాన్ని చదివినవాడూ లేడు, చదివి వినిపించినవాడూ లేడు.

అందుకే బాబాసాహెబ్ చదువును వదల్లేదు. అంటరానివాడని బడిలో సంస్కృతం చెప్పకపోతే పార్సీ చదివాడు. తర్వాత సొంతంగా సంస్కృతం నేర్చుకొని వాళ్ళ శాస్త్రాలను వాళ్ళ అక్షరాల్లోనే పట్టుకున్నాడు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారంటే, అందులో ఏమి రాసుందో ముందు చదివి తెలుసుకున్నారు గనకే.

అట్లని ఏ గొంతైనా ఫరవాలేదా? ఒక యాప్‌లో మన వాడ కథ ఒకటి దొరికితే అమ్మకు పెట్టాను. చదివినామె గొంతు తియ్యగా ఉంది. కానీ మాదిగ ముసలవ్వ తిట్టే తిట్లను వార్తలు చదివినట్టు చదివింది. కులం పేరు వచ్చిన కాడ గొంతు తగ్గించింది. అమ్మ కాసేపు విని, "ముచ్చట మనదే గానీ, నోరు మనది కాదు బిడ్డా. నువ్వు సదివి పంపు" అన్నది. అచ్చు పుస్తకంలో ఆ ముసలవ్వ నా గొంతుతో మాట్లాడుతుంది. ఇంకొకరు చదివినప్పుడు ఆమె నోటి మీద చెయ్యి పెట్టినట్టయింది. మన రాతల్ని మన యాసలో, మన గొంతుల్లో మనమే చదివి పెట్టాలి. విద్యార్థులారా, మీ ఫోన్లున్నాయి కదా. మీ ఊళ్ళో అక్షరం రాని అమ్మ కోసం నెలకొక పుస్తకం చదవండి. ఆ అమ్మ మనవరాలికి అదే పుస్తకాన్ని అచ్చులో కొనివ్వండి. రెండిట్లో ఒకటి చాలని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఈ ఎండాకాలం అమ్మ ఒక కోరిక కోరింది. "ఆ భూమి కాయితం గూడ సదివి ఫోన్ల పెట్టు" అన్నది. చదివి పెట్టాను. నాలుగుసార్లు విన్నది. "ఆనాడు వాడు సదివింది ఇది కాదు. కౌలన్నడు. మూడేండ్లన్నడు. అప్పుడు నువ్వు నా సంకల ఉన్నవు. ఏ తాసిల్దారు ముందరనైన చెప్త" అన్నది. ముప్పై ఏండ్లుగా ఆ మాట ఆమె చెవిలో భద్రంగా ఉంది. కాగితంలోని అబద్ధం నా కంటికి దొరికింది.

అర్జీ నేనే రాశాను. పెట్టే ముందు అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఒక కాడ తప్పు పట్టింది. దిద్దాను.