పప్పు ధర దిగింది, ఉద్దెర ఖాతా దిగలేదు

ఈ మధ్య మా విభాగంలో ద్రవ్యోల్బణం మీద ఒక సెమినార్ జరిగింది. నిత్యావసరాల ధరలు పెరిగినప్పుడు పేద కుటుంబాలు ఎలా నెట్టుకొస్తాయో చెప్పడానికి వక్త ఒక స్లైడ్ చూపించారు. ఖరీదైన సరుకు మాని చవక సరుకు కొనడం, మోతాదు తగ్గించడం, అప్పు చేయడం, పూటలు తగ్గించడం. ఈ నాలుగింటినీ కలిపి 'సర్దుబాటు వ్యూహాలు' అని శీర్షిక పెట్టారు. నోట్సు రాసుకుంటూ చూస్తే ఆ నాలుగూ మా అమ్మ వంటింటి సంగతులే. కానీ మా అమ్మ వాటిని వ్యూహాలు అనదు. "ఏం జేస్తం బిడ్డా, ఎల్లదీయాలె గదా" అంటుంది.

ఎల్లదీయడానికి, వ్యూహానికి మధ్య ఉన్న తేడా గురించే ఈ వ్యాసం. వ్యూహం అంటే ఎంచుకోవడానికి ఇంకో దారి ఉన్నవాళ్లు చేసేది. దారి లేనివాళ్లు చేసేదానికి కూడా అదే పేరు పెడితే, ఆకలి కూడా ఒక తెలివైన నిర్ణయంలా కనిపిస్తుంది.

మాది సూర్యాపేట జిల్లాలో ఒక ఊరు. అమ్మ వ్యవసాయ కూలీ. నాన్న లేడు. తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ ఐదో సంవత్సరంలో ఉన్నాను. నాకు వచ్చేది నాన్ నెట్ ఫెలోషిప్, నెలకు 8,000 రూపాయలు. 2012లో దాన్ని 5,000 నుంచి 8,000కు పెంచారు. ఆ తర్వాత ఒక్క రూపాయి పెరగలేదు. వినియోగదారుల ధరల సూచీలో 2012ను 100గా తీసుకుంటే 2024 చివరికి అది 190 దాటింది. అంటే నా చేతికొచ్చే 8,000 రూపాయలు 2012 లెక్కలో 4,200 రూపాయల పాటి చేస్తాయి. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఏ కమిటీ సిఫారసు చేయలేదు. సంతకం లేకుండానే ఫెలోషిప్ సగానికి కోసుకుపోయింది.

2015లో యూజీసీ ఈ ఫెలోషిప్‌ను పూర్తిగా ఎత్తేయాలని చూసినప్పుడు విద్యార్థులు ఢిల్లీలో దాని కార్యాలయం ముందు రోజుల తరబడి బైఠాయించారు. ఆ పోరాటం వల్లే ఇది బతికింది. బతికింది కానీ ఎదగలేదు. జేఆర్‌ఎఫ్‌ను మాత్రం 2023 జనవరి నుంచి 31,000 నుంచి 37,000 రూపాయలకు పెంచారు. పెంచడం మంచిదే. ధరలు పెరిగాయని ప్రభుత్వానికి తెలుసని కూడా దాంతో రుజువైంది. మరి నాన్ నెట్ వాళ్లు కొనే కిరాణా కొట్టు వేరే దేశంలో ఉందా?

నా నెల లెక్క ఇది. హాస్టల్‌లో గది దొరక్క మరో ఇద్దరితో కలిసి బయట ఉంటున్నాను. అద్దె, కరెంటు నా వాటా 2,800. కిరాణం, కూరగాయలు, గ్యాస్ 2,600. బస్సు, ఫోను, జిరాక్సు 1,100. ఇంటికి 1,500. అంతే, 8,000 అయిపోయింది. దీంట్లో జ్వరం వస్తే చూపించుకోవడానికి వరుస లేదు, పుస్తకం కొనడానికి వరుస లేదు. పైగా ఈ డబ్బు నెలనెలా పడదు. మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు నెలలు ఆగి ఒకేసారి పడుతుంది. మధ్యలో ఎలా బతకాలి? మా వీధి కిరాణా దుకాణంలో ఉద్దెర రాయించి.

ఇక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. 2023 జులైలో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. 2024 అక్టోబర్‌లో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతానికి, కూరగాయలది 42 శాతానికి చేరింది. 2025 మధ్యకొచ్చేసరికి ఆహార ద్రవ్యోల్బణం సున్నా కిందికి దిగింది. సామాన్యుడికి ఊరట అని వార్తలొచ్చాయి. నిజమే, కందిపప్పు దిగింది. కూరగాయలు దిగాయి. నూనె మాత్రం దిగలేదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునేదే. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే చివర్లో 10 శాతానికి తగ్గించేదాకా ఆ భారం మా పోపు గిన్నెలోకి వచ్చింది.

అసలు సంగతి నూనె కూడా కాదు. మా అమ్మ 2024 దసరా నాటికి ఊరి దుకాణంలో 6,000 రూపాయలకు పైగా ఉద్దెర పడింది. ధరలు మండిన నెలల్లో రాసిన పద్దు అది. తర్వాత పప్పు ధర తగ్గింది కానీ పద్దు తగ్గలేదు. కిలో పప్పు 170 ఉన్నప్పుడు రాసింది 170గానే ఉంటుంది. బాకీ ఉన్న మనిషి ఇంకో దుకాణానికి పోలేదు. ధర ఎంతని అడగలేదు, తూకం సరిగ్గా ఉందా అని చూడలేదు. పక్క ఊళ్లో పది రూపాయలు తక్కువకు దొరికినా ఇక్కడే కొనాలి. పత్తి ఏరిన కూలి డబ్బులు ముందు ఆ ఖాతాలోకి పోవాలి. గణాంకాల్లో ద్రవ్యోల్బణం ఒక సంవత్సరంలో ముగుస్తుంది. ఉద్దెర ఖాతాలో రెండు మూడేళ్లు బతుకుతుంది.

ధరలు పెరిగినప్పుడల్లా ఖర్చు తగ్గించుకోవడానికి చిట్కాలు కూడా వస్తాయి. నెల సరుకులు ఒకేసారి కొనండి, సూపర్ మార్కెట్ ఆఫర్లు చూడండి, సీజన్లో కొని నిల్వ చేసుకోండి. చిట్కాలు తప్పు కాదు. కానీ ఒకేసారి కొనాలంటే ఒకేసారి డబ్బుండాలి. ఆఫర్ దాకా పోవాలంటే బండి ఉండాలి. నిల్వ చేయాలంటే ఫ్రిజ్ ఉండాలి. రోజు కూలి మీద బతికే ఇల్లు పది రూపాయల నూనె ప్యాకెట్, పావు కిలో పప్పు కొంటుంది. అలా కొన్నదాన్ని లెక్కగడితే లీటరు ధర, కిలో ధర ఉన్నవాళ్లు కట్టేదానికన్నా ఎక్కువే పడుతుంది. ఈ దేశంలో పొదుపు చేయాలంటే కూడా పెట్టుబడి కావాలి.

నిల్వ చేయడం మా వాడకు తెలియక కాదు. పెద్దకూర తునకలు చేసి ఎండబెట్టి, చేతిలో పైసలు లేని రోజుల్లో గోంగూరలోనో చింతచిగురులోనో వేసి వండుకోవడం మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది. తక్కువ ఖర్చులో దొరికే మాంసకృత్తులు అవే. హైదరాబాద్‌లో గది వెతుక్కునేటప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా మొదటి ప్రశ్న "మీరేమోళ్లమ్మా?" అని, రెండో ప్రశ్న "నీసు వండుతరా?" అని. మేం ముగ్గురం ఐదు ఇళ్లు తిరిగాం. నాలుగో ఇంటిది తక్కువ అద్దె. కానీ కోడిగుడ్డు కూడా తేవద్దన్నారు. చివరికి అంతకన్నా ఎక్కువ అద్దె కట్టి ఇప్పుడున్న గదిలో చేరాం. ఇక్కడ కోడి వండుకోవచ్చు, పెద్దకూర వద్దు అన్నారు. కులం మా దగ్గర అద్దెలో ఒకసారి వసూలు చేసింది, సరుకుల ఖర్చులో రెండోసారి వసూలు చేస్తోంది. మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దుల వధను కూడా నిషేధించారు. చవకైన తిండిని చట్టంతో ఒకచోట, ఇంటి యజమాని షరతుతో ఇంకోచోట, రోడ్డు మీద దాడులతో మరోచోట మన పళ్లెంలోంచి తీసేసి, ఆ తర్వాత పప్పు తినమంటారు. ఆ పప్పు ధర మార్కెట్ ఒక్కటే నిర్ణయించిందని ఏ అర్థశాస్త్ర పాఠం చెప్పినా నేను నమ్మలేను.

అన్నం సంగతి వేరు. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. అమ్మ ఆ బియ్యం వండిన మొదటి రోజు ఫోన్ చేసి మరీ చెప్పింది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ పళ్లెంలో బియ్యం ఒక్కటే ఉండదు కదా. మొన్న చెప్పకుండా ఊరికి పోయాను. పొయ్యి మీద అన్నం, గిన్నెలో పచ్చిపులుసు. "పప్పు వండలేదా అమ్మా?" అంటే, "మీరొచ్చినప్పుడు వండుకుందామని ఉంచిన బిడ్డా, నాకొక్కదానికెందుకు" అంది. డబ్బాలో పావు కిలో కందిపప్పు ఉంది. అది మాకోసం. నేను పంపే 1,500 రూపాయలు తమ్ముడి బస్ పాస్‌కు, ఫీజుకు, ఖాతాకు పోతున్నాయి. మోతాదు తగ్గించడం అని స్లైడ్‌లో ఉన్న మాటకు అర్థం ఇదీ. కుటుంబం మోతాదు తగ్గించుకోదు. కుటుంబంలో ఒక మనిషి తగ్గించుకుంటుంది. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. బియ్యం ఉన్న ఇళ్లలో రక్తం ఎందుకు లేదో ఆ పప్పు డబ్బా చెబుతుంది.

సగటులు ఈ సంగతిని దాచేస్తాయి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో గ్రామాల్లో ఒక మనిషి నెలసరి సగటు ఖర్చు 3,773 రూపాయలు. షెడ్యూల్డ్ కులాల్లో అది 3,474, షెడ్యూల్డ్ తెగల్లో 3,016, 'ఇతరులు' అనే వర్గంలో 4,392. గ్రామీణ ఖర్చులో 46 శాతం తిండికే పోతోంది. ఖర్చు ఎంత తక్కువైతే అందులో తిండి వాటా అంత పెద్దది. మా ఇంట్లో అది సగం దాటుతుంది. కాబట్టి ఆహార ధరలు 10 శాతం పెరిగితే అది అందరికీ ఒకే 10 శాతం కాదు. కొందరికి సినిమా మానేసే సంగతి, కొందరికి రాత్రి భోజనం మానేసే సంగతి.

ఈ విషయాన్ని వందేళ్ల కిందటే డాక్టరేట్ అంశంగా తీసుకున్న పరిశోధక విద్యార్థి ఒకరున్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రాసిన పరిశోధన 1923లో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' పేరుతో అచ్చయింది. విదేశీ మారకం రేటు కన్నా దేశం లోపల రూపాయి ఏం కొనగలదన్నదే ముఖ్యమని ఆయన వాదించారు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదని, ఆ తేడా యజమానుల, వ్యాపారుల లాభంగా మారుతుందని చూపించారు. మనం ఆయన్ను రాజ్యాంగ నిర్మాతగా తలుచుకున్నంతగా ఈ పుస్తకం రాసిన ఆర్థికవేత్తగా తలుచుకోం. ధరల మీద మాట్లాడటం మన ఉద్యమానికి బయటి విషయం కాదు. అది ఆయన చదువులోనే ఉంది.

ఆయన జీవితంలో కూడా ఉంది. 1913లో ఆయన అమెరికా వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు 11.5 పౌండ్ల వేతనంతో. అందులోంచే ఇంటికీ పంపాల్సి వచ్చింది. వేతనం గడువు తీరగానే 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. ఫెలోషిప్ పరిశోధనకు, ఇల్లు నడపడానికి కాదు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అలా అనేవాళ్ల ఊహలో ఉన్న స్కాలర్‌కు ఇంటి నుంచి డబ్బు వస్తుంది. మొదటి తరం దళిత స్కాలర్ నుంచి ఇంటికి డబ్బు పోతుంది. ఆ ఒక్క తేడాను లెక్కలోకి తీసుకోని ఫెలోషిప్ విధానం అందరికీ సమానమని ఎలా అంటాం?

కాబట్టి అడగాల్సినవి సూటిగా అడుగుదాం. ఒకే క్యాంపస్‌లో, ఒకే మార్కెట్లో కొనే అధ్యాపకులకు ధరల సూచీ ప్రకారం ఏటా రెండుసార్లు కరువు భత్యం సవరిస్తారు. అది వాళ్ల హక్కు. అదే సూత్రం నాన్ నెట్‌తో సహా అన్ని ఫెలోషిప్‌లకూ పెట్టాలి. ఏ నెల డబ్బు ఆ నెలే వేయాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి, ఎందుకంటే ఆ ఆలస్యానికి మేం దుకాణాల్లో వడ్డీ కడుతూనే ఉన్నాం. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె ఇవ్వాలి. ఇది కొత్త ఊహ కాదు. తమిళనాడులో కందిపప్పు, పామాయిల్ సబ్సిడీ ధరకు ఇస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో 'అమ్మహస్తం' కింద తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. రాష్ట్ర విభజన తర్వాత అది కొనసాగలేదు. అప్పుడు సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదో ప్రభుత్వాలు చెప్పాలి.

తోటి స్కాలర్లకు ఒక మాట. మనం డబ్బు గురించి మాట్లాడుకోం. మెస్ బాకీ గురించి, ఉద్దెర గురించి, ఇంటికి పంపలేకపోయిన నెల గురించి సిగ్గుపడతాం. నేనూ నాలుగేళ్లు అలాగే ఉన్నాను. ఆ సెమినార్ చివర్లో ప్రశ్నలు అడగమన్నప్పుడు నేను లేచి, "మీ జాబితాలో పూటలు తగ్గించుకునేది ఇంట్లో ఎవరు?" అని అడిగాను. మా సర్వేలో ఆ ప్రశ్న లేదు అన్నారు. ఆయన నిజాయితీగానే చెప్పారు. ఆ ప్రశ్న సర్వేలో ఉండాలంటే దాన్ని రాయగలిగినవాళ్లు, దాని జవాబు ఇంట్లో చూసినవాళ్లు, పీహెచ్‌డీ మధ్యలో వదిలేయకుండా నిలబడాలి. అందుకే 8,000 రూపాయల లెక్క నా ఒక్కదాని బాధ కాదు. రేపు ఈ దేశం ఆకలి గురించి ఎవరు రాస్తారన్నది ఆ లెక్కలోనే తేలుతుంది.