అదనపు గంటలకు రెట్టింపు వేతనం: నాపరాయి కార్మికులకు లభించిన వెసులుబాటు

వానలు మొగం చాటేసే కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలలో అనేక కుటుంబాలకు నాపరాయే జీవనాధారం. బేతంచర్ల, కొలిమిగుండ్ల (2022 నుండి నంద్యాల జిల్లా), ఎర్రగుంట్ల ప్రాంతాలలోని పాలిష్ యూనిట్లలో పలు చిన్నవి. అదనపు గంటల వేతనం విషయంలో చిక్కు అక్కడే ఉండేది.

కర్మాగారాల చట్టం, 1948లోని 59వ సెక్షన్ రెట్టింపు వేతనాన్ని విధించింది. అడుగుల లెక్కన కూలి పొందేవారికి సైతం గత మాసపు సగటు రోజువారీ సంపాదనను ప్రాతిపదికగా తీసుకోవాలని పేర్కొన్నది. అయితే విద్యుత్తుతో నడిచే యూనిట్లలో 10 మందికి తక్కువ ఉన్నవి సాధారణంగా దాని పరిధిలోకి వచ్చేవి కావు. వారికి మిగిలిన కనీస వేతనాల చట్టం క్రింద క్లెయిము గడువు 6 నెలలే.

2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 సిబ్బంది సంఖ్యను చూడదు. గంట, దినం లేదా అంతకు మించిన కాలానికి కనీస వేతనం నిర్ణయమైన ఉద్యోగికి అదనపు పనికి రెట్టింపు రేటుకు తగ్గకుండా చెల్లించాలి. క్లెయిము గడువు 3 సంవత్సరాలు. తేడా స్వల్పమైనది కాదు. ఉదాహరణకు 8 గంటలకు రూ.600 పొందే కార్మికుడు నెలకు 26 గంటలు అదనంగా పనిచేస్తే రావలసినది రూ.3,900. ఒంటి రేటే ఇస్తే నెలకు రూ.1,950 బకాయి పడుతుంది. 6 నెలలకు అది రూ.11,700, 3 సంవత్సరాలకు రూ.70,200.

బకాయి చెల్లించినట్లు రుజువు చేసే బాధ్యత యజమానిదే. క్లెయిముకు 10 రెట్ల వరకు పరిహారం విధించవచ్చు. చెల్లించని మొత్తాన్ని కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చు. కార్మిక సంఘం గాని, తనిఖీ అధికారి గాని పలువురి తరఫున ఒకే దరఖాస్తు చేయవచ్చు. ఒంటరిగా ఫిర్యాదు చేస్తే పని పోతుందని భయపడే చోట ఈ నిబంధనే మిక్కిలి ఉపయోగకరం.

2020లో కోవిడ్ కారణంగా గుజరాత్ ప్రభుత్వం రెట్టింపు వేతనం నుండి కర్మాగారాలను మినహాయించగా, అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ చేసిన కర్మాగారాల చట్ట సవరణ సైతం రోజుకు 10 గంటలను అనుమతించినదే గాని, వారానికి 48 గంటల పరిమితిని తొలగించలేదు.

హాజరు పట్టీలో "ఒక దినం" అని మాత్రమే ఉంటే ఏ చట్టమూ గంటలను లెక్కించలేదు. అందుచేత పనిలోకి వచ్చిన, దిగిన వేళలను కార్మికులు తమ వద్ద కూడా వ్రాసి ఉంచుకోవడం, లారీ లోడింగు చీటీలను భద్రపరచడం అవసరం. తనిఖీలలో అధికారులు మొదట చూడవలసినది కూడా ఆ వేళలనే.