డచ్చివాళ్ల బిస్కెట్టు డబ్బా

హోటల్లో ఎవరి బిల్లు వాళ్లు కట్టుకుంటే ఇంగ్లిషులో 'గో డచ్' అంటారు. మందు పడితేగానీ రాని ధైర్యం 'డచ్ కరేజ్'. ఎంత విన్నా తలకెక్కని మాటలు 'డబుల్ డచ్'. ఈ పాత వెటకారాలకు ఇంటర్నెట్ మరికొన్ని జోడించింది. డచ్చివాళ్ల ఇంట్లో కాఫీతో పాటు చుట్టం ఒక్క బిస్కెట్టు తీసుకోగానే డబ్బా మూత టక్కున పడిపోతుందట. మర్నాడు ఆ కాఫీ తాలూకు సొమ్ము అడుగుతూ ఫోన్‌కి 'టిక్కీ' వస్తుందట. టిక్కీ అంటే 2016లో డచ్చివాళ్ల ఏబీఎన్ ఆమ్రో బ్యాంకు తెచ్చిన యాప్. స్నేహితుడికి లింకు పంపి రావలసిన డబ్బు అడగొచ్చు.

ఈ వెటకారం తప్పనేవాళ్ల వాదనలో పస ఉంది. 17వ శతాబ్దంలో సముద్ర వ్యాపారం కోసం ఇంగ్లండు, హాలండు కొట్టుకున్నాయి. 1652, 1674 మధ్య మూడు యుద్ధాలు జరిగాయి. అప్పటి లండన్ కరపత్రాల్లో డచ్చివాడంటే తాగుబోతు, ఆశపోతు. ఆ కక్ష ఎప్పుడో చల్లారినా ఒక జాతి పేరు పిసినారితనానికి మారుపేరుగా ఉండిపోవడం ఏం మర్యాద? పైగా ఎవరి వాటా వాళ్లు ఇచ్చుకోవడంలో ఒక సుఖముంది, ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు. బిల్లు నేనంటే నేనని కౌంటర్ దగ్గర పెనుగులాడే మనకు అది చిన్నతనంగా కనిపిస్తుంది, అంతే.

అయితే పాపమంతా యుద్ధాల మీదే వేయడం కుదరదు. 'డచ్ ట్రీట్' 19వ శతాబ్దపు అమెరికా మాట. అక్కడ జర్మన్లను కూడా డచ్ అనేవారు. 'పెన్సిల్వేనియా డచ్' అంటే జర్మన్ మాట్లాడే వలసజనమే. ఇక డచ్చివాళ్లు పడి ఊరుకునే రకమా? పిల్లల ఎముకలు వంకరపోయే రికెట్స్‌ని వాళ్లు 'ఇంగ్లిషు జబ్బు' అంటారు. ఎవరి తిండి వాళ్లు తెచ్చుకునే విందు వాళ్లకు 'అమెరికన్ పార్టీ'. బెల్జియం వాళ్లకు బుర్ర తక్కువని జోకులేస్తారు. ఆ బెల్జియం వాళ్లేమో వీళ్ల పిసినారితనం మీద తిరిగి వేస్తారు. 1667 జూన్‌లోనైతే డచ్చివాళ్లు ఏకంగా ఇంగ్లండులోని మెడ్‌వే నదిలోకి చొరబడి 'రాయల్ చార్లెస్' అనే ఇంగ్లిషు యుద్ధనౌకనే లాక్కుపోయారు. దాని వెనుక భాగపు చెక్కడం ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది.

సమ ఉజ్జీల మధ్య సాగే ఇలాంటి ఎకసెక్కాలకు అడ్డు చెప్పనక్కర్లేదని నా అభిప్రాయం. డచ్చివాళ్ల మీద ఫిర్యాదంటూ ఉంటే అది ఇంగ్లిషువాళ్లది కాదు, మన తీరానిది. మచిలీపట్నంలో వలందపాలెం డచ్చివాళ్ల పేరున వెలిసిందే. అదే 17వ శతాబ్దంలో వాళ్ల ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలో బట్టలతో పాటు, కరువు రోజుల్లో మనుషులనూ కొని ఓడల్లో బటేవియాకు (నేటి జకార్తాకు) పంపింది. అలా అమ్ముడుపోయినవాళ్లకు తిరిగి జోకు వేసే వీలెక్కడిది? బానిసత్వంలో తమ దేశపు పాత్రకు డచ్ రాజు విలెం అలెగ్జాండర్ క్షమాపణ చెప్పింది 2023 జులై 1న.