చెయ్యి దగ్గరుండాలి... వెయ్యకూడదు!

కారు నేర్పేవాళ్లు పక్క సీట్లో కూర్చుని కాలి దగ్గర మరో బ్రేకు పెట్టుకుంటారు. విద్యార్థి తడబడితే నొక్కేస్తారు. బండి ఆగుతుంది. తప్పేమిటో అప్పుడు తీరిగ్గా చెప్పొచ్చు. మరి విమానం నేర్పేవాళ్లో? గాలిలో ఆపి పాఠం చెప్పే వీల్లేదు కదా!

అందుకే శిక్షణ విమానంలో నడిపే సాధనాలు రెండేసి ఉంటాయి. సెస్నా 172నే తీసుకోండి. ఎడమ సీట్లో విద్యార్థి, కుడి సీట్లో గురువు. ఇద్దరి ముందూ స్టీరింగ్‌లాంటి యోక్, ఇద్దరి కాళ్ల దగ్గరా పెడళ్లు. ఒకరు తిప్పితే రెండోదీ తిరుగుతుంది. కొత్త గురువుకు అసలు పరీక్ష ఇక్కడే. ముక్కు కాస్త పక్కకు తిరిగితే చాలు... చేతులు ఊరుకోవు. తనే సరిచేసేస్తాడు. విమానం చక్కగా దిగుతుంది. విద్యార్థికి మాత్రం ఏమీ రాదు. పైగా, తనే దించాననుకుంటాడు!

ఆ తొందర వెనక వయసు కూడా ఉంది. అమెరికాలో ఎయిర్‌లైన్స్‌లో కోపైలట్‌గా చేరాలంటే 2013 నుంచి సాధారణంగా 1500 గంటలు ఎగిరిన అనుభవం కావాలి. కమర్షియల్ లైసెన్సు చాలామందికి 250 గంటలకే వస్తుంది. మిగతా గంటల కోసం ఎక్కువమంది ఎంచుకునే దారి... నేర్పడం. అంటే నిన్నటి విద్యార్థే నేటి గురువు! తన లాగ్‌బుక్‌లో గంటలు పెరుగుతుంటే, వాటికి డబ్బు కడుతున్నది పక్కనున్న విద్యార్థి అన్న సంగతి అతను మరిచిపోకూడదు. అక్కడ విమానం అద్దె ఇంజిన్ తిరిగినంతసేపూ పడుతూనే ఉంటుంది. కాబట్టి చెప్పాల్సింది నేలమీదే చెప్పాలి. బొమ్మ గీసి చూపించాలి. గాలిలోకి వెళ్లాక చేసి చూపించి, చేయించాలి. ఒకసారికి ఒక్క విషయమే. ఇంజిన్ మోతలో, భయంలో ఉన్న కుర్రాడికి పెద్ద ఉపన్యాసాలు తలకెక్కవు.

రెండోది మాట. విమానం ఎవరి చేతిలో ఉందో ఏ క్షణంలోనూ అనుమానం ఉండకూడదు. 'నీకిస్తున్నా' అని ఒకరు, 'తీసుకున్నా' అని రెండోవారు, 'నీ చేతిలోనే ఉంది' అని మళ్లీ మొదటివారు. చాదస్తంలా అనిపించినా ప్రతిసారీ మూడు మాటలూ పడాల్సిందే. లేదంటే అతను నడుపుతున్నాడని ఇతను, ఇతను నడుపుతున్నాడని అతను... చివరికి ఎవరూ నడపరు!

మరి ఎంతవరకు ఓపిక పట్టాలి? ఆ హద్దును బయల్దేరక ముందే గీసుకోవాలి. మూడువేల అడుగుల ఎత్తులో విమానం వంద అడుగులు జారినా ఫర్వాలేదు, విద్యార్థే గమనించి సరిచేసుకోవాలి. అదే రన్‌వేకి ఇరవై అడుగుల ఎత్తులో ముక్కు మరీ పైకెత్తేసి వేగం పోగొట్టుకుంటుంటే రెండు సెకన్లు చూసినా ఆలస్యమే. అక్కడ మొహమాటం పనికిరాదు. విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి, పవర్ పెంచి మళ్లీ పైకి తీసుకెళ్లాలి. కిందికి దిగాక మాత్రం ముందు విద్యార్థినే అడగాలి, 'ఏం జరిగిందంటావ్?' అని. తన తప్పు తన నోటితో చెప్పినవాడు దాన్ని మరిచిపోడు.

తప్పులు చేయనిచ్చి నేర్పడం ఇప్పటి పద్ధతేం కాదు. 1917లో ఇంగ్లండ్‌లోని గోస్‌పోర్ట్‌లో మేజర్ రాబర్ట్ స్మిత్ బారీ దీన్ని ఒక దారిలో పెట్టాడు. ప్రమాదకరమైన విన్యాసాల జోలికి వెళ్లొద్దని విద్యార్థులకు చెప్పి ఊరుకోలేదాయన. రెండేసి కంట్రోళ్లున్న ఆవ్రో 504 విమానాల్లో వాటిని కావాలనే చేయించి, బయటపడటం నేర్పించాడు. ఇంజిన్ హోరులో గురువు మాట విద్యార్థికి వినిపించేందుకు వాడిన గొట్టానికి ఆ ఊరి పేరే పెట్టారు... గోస్‌పోర్ట్ ట్యూబ్ అని.

ఇంత ఓపికా ఒక్క రోజు కోసం. విద్యార్థి మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు. అమెరికాలో అందుకు గురువు సంతకం తప్పనిసరి, అదీ 90 రోజులే చెల్లుతుంది. సంతకం పెట్టి గురువు దిగిపోతాడు. కుడి సీటు ఖాళీ. ఒక మనిషి బరువు తగ్గిన విమానం విద్యార్థి అనుకున్నదానికన్నా చురుగ్గా పైకి లేస్తుంది. అప్పుడు తడబడితే అందుకోవడానికి పక్కన చెయ్యి ఉండదు. అన్ని రోజులూ గురువే దించి ఉంటే, ఆ సంగతి బయటపడేది సరిగ్గా అప్పుడే!