ఆటో స్టార్టరును తొలగింపుమన్న చాలునా?



బోరుబావియొద్ద ఆటో స్టార్టరు నెరుగనివారు మనలో లేరు. కరెంటు వచ్చినంతనే, యజమాని ఇంట నిద్రించుచున్నను, మోటారు తనంత తానే తిరుగును. దీనిని తొలగింపుడని అధికారులు పలుమారులు చెప్పిరి. వారు చెప్పు కారణము సత్యమే. మోటారు ఆరంభమగునప్పుడు గైకొను కరెంటు, తిరుగునప్పటికంటె అనేక రెట్లధికము. ఒక ట్రాన్సుఫార్మరు క్రింది మోటారులన్నియు ఒక్కమారుగా ఆరంభమైనచో ఫ్యూజులు పోవును, ఒక్కొక్కప్పుడు ట్రాన్సుఫార్మరే కాలిపోవును. మడి నిండినను నీరు పారుచునే యుండును. అయినను ఆ పెట్టె కదలలేదు.

ఇది రైతు అత్యాశ యనువారు కలరు. నేనొప్పుకొనను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. గాని దినమునకు కొన్ని గంటలే, అదియు వంతులుగా, తరచు రాత్రివేళ. చీకటిలో పామునకును, తడిచేతికి తగులు తీగకును వెరచినవాడు ఈ పెట్టెను బిగించుకొనెను. ప్రక్క చేనివాని మోటారు తిరుగుచుండగా తనది ఆపుకొన్నచో, ఆ నీరు తనకు మిగులునను నమ్మకమేది? మోటారు తిప్పినను ఆపినను ఖర్చు లేనప్పుడు ఆపుటకు ప్రేరణయేది?

2018 జనవరి 1 నుండి తెలంగాణమున సేద్యమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చిరి. కరెంటు పోవునను భయము తీరినచో పెట్టె పోవునని ప్రభుత్వము తలచెను. భయము తీరినను అలవాటు వెంటనే తీరదు. 24 గంటలు వలదు, బోరులెండునని రైతులే కొన్నిచోట్ల మొరపెట్టుకొనిరి! ఇచ్చువారు ఊహింపని మాట యిది. బోరులకు అనుమతి కావలెనను వాల్టా చట్టము 2002 నాటిదే. ఊరూర ప్రతి బోరును కాచుట ఏ యధికారికి సాధ్యము?

మరియొక మార్గమును ఆంధ్రదేశమే చూపినది. 2003 మొదలు ఏడు కరవు జిల్లాలలో నడచిన రైతుల భూగర్భజల పథకమున రైతులే వర్షమును కొలిచిరి, బావులలో నీటిమట్టమును కొలిచిరి, రబీకి ముందు ఊరి నీటి జమాఖర్చు వ్రాసికొనిరి. ఈ పంట వేయుమని యాజ్ఞ లేదు, వేయనివానికి జుల్మానా లేదు. లెక్క కన్నులార చూచి వరిని తగ్గించుకొన్నవారు పెక్కురు.

మన సంఘము వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలెను. ఒక్కొక్క ట్రాన్సుఫార్మరు క్రింది సభ్యులు కలిసి కూర్చుండి, ఎవరి వంతు ఎప్పుడో తామే వ్రాసికొని, అందరును ఒకే దినమున పెట్టెలు విప్పవలెను. ఒక్కడు ముందుగా విప్పినచో మోసపోవును.