చదివిన చదువు గురించి అడగండి!

“మీ సాంకేతిక అనుభవం చెప్పండి” అంటారు ఇంటర్వ్యూలో. తాను రాసిన ప్రోగ్రాం గురించో, విప్పి బిగించిన మోటారు గురించో అమ్మాయి మొదలుపెడుతుంది. రెండు మాటలు పూర్తికాకుండానే “పెళ్లయిందా? పిల్లలెంతమంది? రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా?” అని అడ్డుతగులుతారు. ఈ ప్రశ్నలు మగ అభ్యర్థిని ఎందుకడగరు? పైగా, ఆడవాళ్లకు తమ పని గురించి చెప్పుకోవడం రాదని తీర్పు! చెప్పనిస్తే కదా!

ఈ ధోరణి కొత్తదేం కాదు. జీవిత బీమా సంస్థ ఉద్యోగంలో చేరే స్త్రీల నుంచి నెలసరి తేదీలు, గర్భాల వివరాలు రాయించుకునేది. ఆత్మగౌరవాన్ని దెబ్బతీసే ఆ ప్రశ్నలను తొలగించమని 1991లో నీరా మాథుర్ కేసులో సుప్రీంకోర్టు హితవు చెప్పింది. నియామకాల్లో స్త్రీల పట్ల వివక్షను 1976 సమాన వేతన చట్టం నిషేధించింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే చెప్పింది. అయినా కాగితం మీద అడగలేనిది నోటితో అడుగుతూనే ఉన్నారు. నోటిమాటకు సాక్ష్యం ఉండదు మరి!

అందుకే మన డిమాండు: అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలుండాలి. అడిగిన ప్రతి ప్రశ్నా రికార్డు కావాలి. ఉద్యోగమివ్వకపోతే కారణం రాసివ్వాలి. మన పనితనాన్ని పరీక్షించండి, ఎంత కఠినంగానైనా సరే. మన కాపురాన్ని కాదు!